గంగ దిగిన పటం

మా ఇంటి నడవాలో ఒక పాత పటం వుంది. రవివర్మ గంగావతరణం. మీలో చాలామంది చూసే వుంటారు. కొండ బండల మీద శివుడు కాళ్లు ఎడంగా పెట్టి, మొహం పైకెత్తి నిలబడి వుంటాడు. ఆకాశం నుంచి గంగ ఆడరూపంలో దిగుతుంటుంది. ఒక పక్క చేతులు జోడించిన భగీరథుడు, మరో పక్క నందిని ఆనుకొని పార్వతి. చిన్నప్పుడు నేను దేవుళ్లకంటే ఆ బండల్నే ఎక్కువ చూసేవాణ్ణి. అచ్చం మా ఊరి గుట్ట మాదిరే అనిపించేది.

పోయిన ఎండాకాలం మా చేలో బోరు వేయించినాము. గంగ పడలేదు. (మా వైపు బోరులో నీళ్లొస్తే గంగ పడింది అనే అంటారు.) అప్పు మాత్రం మిగిలింది. ఆ నెలలోనే పాతసామాన్లు కొనే ఆయనొకడు వచ్చి పటానికి బేరం పెట్టినాడు. "ఇది అసలుదేనా, క్యాలెండరు బొమ్మనా? సైన్సు చదువుతాండావు కదా, చూసి చెప్పురా" అన్నాడు నాయన.

అసలుది అనే మాటలోనే తిరకాసు వుంది. రవివర్మ (1848–1906) రంగులేసిన పటాలు రాజుల మేడల్లో వుండిపోయినాయి. వాటిని యూరప్ పంపి అచ్చు వేయించమని 1884లో టి. మాధవరావుగారు ఆయనకు జాబు రాసినారు. చివరికి 1894లో రవివర్మే బొంబాయిలో ప్రెస్సు పెట్టి, జర్మనీ పనివాళ్లను పిలిపించినాడు. మన లేపాక్షిలో 16వ శతాబ్దపు శివుణ్ణి చూడాలంటే గుడికి పోయి మెడ ఎత్తాల్సిందే. ఈ శివుడు మాత్రం కాగితమై మన గోడ దగ్గరికే వచ్చినాడు.

ఆ పద్ధతి పేరు లిథోగ్రఫీ, అంటే రాతి అచ్చు. 1796 ప్రాంతంలో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టినాడు. ఇందులో చెక్కడం లేదు. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, ఆమ్లం కలిపిన జిగురునీళ్లు పట్టిస్తారు. తర్వాత రాయిని తడిపి నూనెసిరా రోలరు తిప్పితే, తడిచోట సిరా అంటదు, జిడ్డుచోటనే అంటుతుంది. నీళ్లు లేకపోతే రాయంతా నలుపే! ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒకే కాగితం వరసగా అన్ని రాళ్ల మీదా పడాలి. వెంట్రుకవాసి జరిగినా పార్వతి పెదవుల ఎరుపు చెంపకు పోతుంది. పైన వార్నీషు పూస్తే తైలచిత్రం మెరుపొస్తుంది, అందుకే ఓలియోగ్రాఫ్ అన్నారు. మన తాడిపత్రి బండ కూడా సున్నపురాయే గానీ, ఈ పనికి సన్నని రేణువుల బవేరియా రాయికే పేరు.

లేత ఛాయల కోసం రాతి మీద చేత్తో చుక్కలు పెట్టేవాళ్లు. అవే గుర్తు. ఆఫ్‌సెట్ బొమ్మను భూతద్దంలో చూస్తే చుక్కలు గొర్రుతో విత్తినట్టు సాలు తప్పకుండా వుంటాయి. రాతి అచ్చులో చేత్తో చల్లినట్టు అడ్డదిడ్డంగా వుంటాయి.

ల్యాబులో అడిగి భూతద్దం ఇంటికి తీసుకపోయినా. అద్దం ఊడదీసి చూస్తే శివుడి భుజం మీద చుక్కలు అడ్డదిడ్డంగానే వున్నాయి. ప్రెస్సు పేరుండే కింది అంచును మాత్రం ఎవరో ఫ్రేము కోసం కత్తిరించేసినారు. కాబట్టి పాత రాతి అచ్చేనని చెప్పగలను, రవివర్మ ప్రెస్సుదేనని చెప్పలేను. నాయనకు అంతే చెప్పినా.

"ఇంకో బోరుకు చాలుతుందా?" అన్నాడు.

జేజి ఏమీ మాట్లాడకుండా అద్దం తుడిచి, కుంకుమ పెట్టి, పటాన్ని మళ్లీ మేకుకు తగిలించింది. కొనేటాయన ఉగాదికి వస్తానని చెప్పిపోయినాడు.