కొత్త మోకాలికి మొదటి పాఠం

మీ జామెట్రీ పెట్టెలో అర్ధవృత్తాకారంలో ఒక కోణమానిని ఉంటుంది కదా! దానితో ఎన్నో త్రిభుజాల కోణాలు కొలిచి ఉంటారు. ఎప్పుడైనా మీ మోకాలి కోణం కొలిచి చూశారా? కిందటేడు మా ఇంట్లో ఆరు వారాలపాటు కోణమానినికి అదే పని. దానితో ప్రతి సాయంత్రం మా అమ్మ మోకాలిని కొలిచేవాళ్ళం. ఎందుకో చెబుతాను.

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. మాది అనంతపురం మెట్ట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. వానను నమ్ముకుని వేసే వేరుశనగే మాకు ఆధారం. కలుపు తీయాలన్నా, పీకిన చెట్ల నుంచి కాయలు తెంపాలన్నా గంటల తరబడి గొంతుక్కూర్చోవాలి. అమ్మ యాభై ఏళ్ళు ఆ పని చేసింది. చివరికి ఇంటి గడప దాటడం కూడా కష్టమైపోయింది. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు కుడి మోకీలు పూర్తిగా అరిగిపోయిందనీ, మార్చక తప్పదనీ చెప్పారు.

మోకీలు ఉత్త మడతబందేనా?

మోకీలు మడతబందు కీలు అని మీరు పాఠంలో చదువుకున్నారు. తలుపు మడతబందు లాగా ఒకే దిశలో వంగుతుందన్న మాట. అది నిజమే కాని, పూర్తి నిజం కాదు. కాలు వంగేటప్పుడు తొడ ఎముక కింది కొన ముంజంగ ఎముక మీద బండిచక్రం లాగా దొర్లుతుంది. దొర్లుతూనే కొంచెం జారుతుంది, కొంచెం తిరుగుతుంది కూడా. ఎముకల కొనల మీద నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. మధ్యలో నూనె లాంటి సైనోవియల్ ద్రవం ఉంటుంది. అందుకే ఇంత బరువు మోస్తున్నా ఘర్షణ చాలా తక్కువ.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. అందువల్ల ఒకసారి అరిగితే అది మళ్ళీ సరిగా పెరగదు. వయస్సు, శరీరం బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం, మోకాళ్ళు మడిచి చేసే బరువు పనులు, ఇవన్నీ ఆ అరుగుదలకు తోడ్పడతాయి.

అరిగిన కీలును మార్చాలన్న ఆలోచన పాతదే. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లూక్ అనే శస్త్రవైద్యుడు ఏనుగు దంతంతో మడతబందు చేసి మోకీలులో అమర్చాడు. చీము పట్టడం వల్ల ఆ ప్రయత్నాలు నిలవలేదు. తర్వాత వచ్చిన లోహపు మడతబందులు కూడా చాలావరకు ఎముక నుంచి వదులై ఊడిపోయేవి. మోకీలు ఉత్త మడతబందు కాదు కదా! 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో జాన్ ఇన్సాల్ బృందం కొత్త పద్ధతి తెచ్చింది. మడతబందు పెట్టకుండా, అరిగిన కొనలకు తొడుగులు వేశారు. ఇప్పటి మోకీళ్ళకు అదే మాతృక. ఆ బృందంలో మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ కూడా ఉన్నారు. 2000 అక్టోబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ఎడమ మోకీలునూ, 2001 జూన్‌లో కుడి మోకీలునూ ముంబైలోని బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో మార్చింది ఆయనే.

అంటే మోకీలును పెరికి వేరేది పెట్టరు. రెండు ఎముకల కొనలనూ సుమారు ఒక సెంటీమీటరు మందాన చెక్కి, తొడ ఎముకకు కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహపు తొడుగు వేస్తారు. కింది ఎముక మీద లోహపు పళ్ళెం అమర్చుతారు. రెండింటి మధ్య గట్టి పాలిథీన్ బిళ్ళ ఉంటుంది. చుట్టూ ఉన్న కండరాలూ, చర్మమూ, నరాలూ మాత్రం మనవే.

దిండు చేసిన మోసం

శస్త్రచికిత్స బాగా జరిగింది. మరునాడే అమ్మను వాకర్ పట్టించి నాలుగడుగులు నడిపించారు. అయిదో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. మోకాలు వాచి, వేడిగా, బిగుసుకుని ఉంది. అమ్మ బాధ చూడలేక మోకాలి కింద మెత్తని దిండు పెట్టాం. వెంటనే ఆమె ముఖం తేటపడింది. రెండు రోజులు ఆ దిండు తీయలేదు.

మూడో రోజు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు వచ్చింది. చిన్న వయస్సు అమ్మాయి. చూడగానే, "అవ్వా, ముందు ఆ దిండు తీసేయాల" అంది.

"ఆ దిండుతోనే కదమ్మా నా ప్రాణం నిమ్మళంగా ఉండేది!" అంది అమ్మ.

అందులోనే మోసం ఉంది. వాచిన కీలులో ద్రవం నిండి ఉంటుంది. కాలు సుమారు 30 డిగ్రీలు వంగినప్పుడు కీలు లోపల చోటు ఎక్కువై, ఒత్తిడి తగ్గుతుంది. అందుకే హాయిగా ఉంటుంది. కాని గాయం మానే రోజుల్లో కాలు ఏ భంగిమలో ఎక్కువసేపు ఉంటుందో, చుట్టూ ఉన్న కణజాలం ఆ భంగిమకే కుదురుకుంటుంది. అప్పుడిక కాలు పూర్తిగా చాచడం కుదరదు.

చాచకపోతే ఏమవుతుంది? ఒక ప్రయోగం చేయండి. నిటారుగా నిలబడండి. శ్రమ ఏమీ తెలియదు. ఇప్పుడు మోకాళ్ళు కొద్దిగా వంచి రెండు నిమిషాలు అలాగే ఉండండి. తొడ కండరాలు మండుతున్నాయి కదూ! కాలు నిటారుగా ఉన్నప్పుడు శరీరం బరువు ఎముకల గుండా నేలకు దిగుతుంది. వంగి ఉంటే ఆ బరువును కండరం ఆపాలి. మోకాలు పూర్తిగా చాచలేని మనిషి నడిచినంతసేపూ ఆ పని చేస్తూనే ఉండాలి.

మానే గాయం, మూసుకునే దారి

మరి వంగడం సంగతి? దానికి మా ఊరి దారి ఒకటి గుర్తు చేసుకుందాం. ఊరికీ చేనుకూ మధ్య కాలిబాట ఉంటుంది. వాన పడ్డాక పది రోజులు ఎవరూ నడవకపోతే అక్కడ గడ్డి మొలుస్తుంది. నడక మొదలుపెడితే ఆ గడ్డి కాళ్ళ కిందే పోతుంది. ఏడాది వదిలేశామా, సర్కారు కంప కమ్మేస్తుంది. అప్పుడు గొడ్డలి తేవలసిందే.

మోకాలిలోనూ ఇలాంటిదే జరుగుతుంది. గాయమైన మూడు నాలుగు రోజుల నుంచి ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొల్లాజెన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి. సుమారు మూడు వారాలు ఈ అల్లిక ముమ్మరంగా సాగుతుంది. కొత్త పోగులు లేతవి. ఏ దిక్కుకు లాగుతుంటే ఆ దిక్కుకు సర్దుకుంటాయి. కదలిక లేకపోతే అడ్డదిడ్డంగా అల్లుకుని, ఒక పొరను ఇంకో పొరకు అతికించేస్తాయి. వారాలు గడిచేకొద్దీ పోగుల మధ్య బంధాలు పెరిగి గట్టిపడతాయి. అలా బిగిసిన మోకాలిని మత్తు ఇచ్చి డాక్టరు వంచవలసి వస్తుంది. ఒక్కొక్కసారి మళ్ళీ శస్త్రచికిత్సే అవసరం కావచ్చు. అదే ఆ గొడ్డలి!

ఇంకో చిక్కు కూడా ఉంది. వాపు ఉన్న కీలు నుంచి వెళ్ళే నాడీసంకేతాలు తొడ ముందు కండరాన్ని అణచివేస్తాయి. ఆరోగ్యమైన మోకీలులోకి కొద్దిగా ఉప్పు ద్రావణం ఎక్కించినా ఆ కండరం బలం తగ్గుతుందని పరిశోధకులు గమనించారు. "కాలు ఎత్తమంటే లేవడం లేదు నాయనా" అని అమ్మ అన్నప్పుడు అది బద్ధకం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

ఏం చేయించారు?

వ్యాయామాలు చూడడానికి చాలా చిన్నవి. మొదటిది పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. పిక్క కండరం పంపులా పనిచేసి సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకపోతే అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండోది మోకాలి వెనుక భాగాన్ని మంచానికి అదిమి అయిదు లెక్కపెట్టడం. మూడోది మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి కాలు చాచి ఉంచడం. దిండు మడమ కిందికి వచ్చిందన్న మాట, మోకాలి కింద కాదు! నాలుగోది మడమను మెల్లగా పిరుదుల వైపు జరపడం.

నాలుగోదే కష్టం. మా ఇంట్లో నేల తాడిపత్రి బండలది. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాదం కింద ప్లాస్టిక్ కవరు వేసి వెనక్కి జరపమన్నాం. ఘర్షణ తగ్గింది కనుక జరపడం సులువైంది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం, తర్వాత గుడ్డలో చుట్టిన మంచు పదిహేను నిమిషాలు. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు.

"వంచితే కుట్లు తెగిపోవా?" అని అమ్మ భయం. కుట్లు పొరలు పొరలుగా వేస్తారు. డాక్టరు చెప్పిన మేరకు మెల్లగా వంచితే తెగవు. నొప్పి వచ్చినంత మాత్రాన కీలు పాడవుతున్నట్టు కాదు. అలాగని పళ్ళు బిగబట్టి వంచకూడదు.

కెనడాలో రాబర్ట్ సాల్టర్ అనే వైద్యుడు 1970లలో కుందేళ్ళపై ప్రయోగాలు చేసి, మెల్లని కదలిక వల్ల కీళ్ళు బాగా మానుతాయని చూపించాడు. దాని ఆధారంగా కాలిని దానంతట అదే వంచి చాచే యంత్రాలు వచ్చాయి. అయితే మోకీలు మార్చినవారికి సొంత వ్యాయామం కంటే ఆ యంత్రం పెద్దగా ఎక్కువ మేలు చేయదని తర్వాతి పరీక్షల్లో తేలింది. దేశ ప్రధాని అయినా, మా అమ్మ అయినా ఎవరి మోకాలు వారే వంచుకోవాలి.

నోటుపుస్తకంలో గీత

కొలిచే పని పదో తరగతి చదివే మా అమ్మాయి తీసుకుంది. రెండు అట్టముక్కలను కోణమానినికి బిగించి, ఒకదాన్ని తొడ వెంబడి, ఇంకోదాన్ని ముంజంగ వెంబడి ఆనించేది. కాలు నిటారుగా ఉంటే వంపు సున్న. తొడకూ ముంజంగకూ మధ్య కోణం 120 డిగ్రీలైతే వంపు 180 నుంచి 120 తీసివేయగా 60.

ఏ పనికి ఎంత వంపు కావాలో చూడండి. నేల మీద నడవడానికి సుమారు 65 డిగ్రీలు చాలు. మెట్లు ఎక్కి దిగడానికి 85 నుంచి 90. కుర్చీలో నుంచి సులువుగా లేవడానికి 95 నుంచి 105. గొంతుక్కూర్చోవడానికి 130 దాటాలి. రెండు వారాలకు 90 అందుకోవాలన్నది మామూలుగా పెట్టుకునే లక్ష్యం.

దిండు తీసిన రోజు అమ్మ వంపు 58. కాలు చాచడానికి ఇంకా 12 డిగ్రీలు తక్కువ. నాలుగు రోజుల్లో వంపు 76కు వచ్చింది. మరునాడు మా చిన్నాన్న కొడుకు ఉత్సాహంగా వచ్చి కాలు పట్టుకుని గట్టిగా నొక్కాడు. సాయంత్రానికి వాపు పెరిగి వంపు 68కి పడిపోయింది! అమ్మ రెండు రోజులు కాలు ముట్టనివ్వలేదు. వంపు పెరగాలంటే కాలు పదే పదే వంగాలి. ఇంకొకరి బలం అందుకు పనికిరాదు.

పదహారో రోజున 90 వచ్చింది. మా అమ్మాయి గ్రాఫు కాగితం మీద ఆ చుక్క పెట్టి అవ్వకు చూపించింది. గీత నిటారుగా పోలేదు, మెట్లు మెట్లుగా, మధ్యలో గుంటలతో పోయింది. అయినా మొత్తం మీద పైకే పోయింది. అక్షరం రాని మా అమ్మ ఆ గీతను మాత్రం చదవగలిగింది. ఆ రోజు నుంచి, "పాపా, కొలువు" అని తానే పిలిచేది. ఆరు వారాలకు వంపు 112. చాచడంలో లోటు 2 డిగ్రీలు.

ఆ అక్టోబరులో వేరుశనగ పీకారు. అమ్మ చేనికి నడిచే వచ్చింది. నేల మీద కూర్చోబోయి ఆగిపోయింది. కొత్త మోకాలితో గొంతుక్కూర్చోవద్దని డాక్టరు చెప్పారు. మిగతా ఆడవాళ్ళంతా కింద కూర్చుని కాయలు తెంపుతుంటే చాలాసేపు చూస్తూ నిలబడింది. మా అమ్మాయి ఎత్తు పీట తెచ్చి వేసింది. దాని మీద కూర్చుని, ఒక్కొక్క చెట్టూ ఒళ్ళోకి తీసుకుని అమ్మ కాయలు తెంపింది. కొత్త కీలు అన్నీ తిరిగి ఇవ్వలేదు. నడకను ఇచ్చింది. బస్సు మెట్టు ఎక్కే వంపును అమ్మే సంపాదించుకుంది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా మోకీలు మార్పించుకుని వస్తే చూసి జాలిపడి ఊరుకోకండి. మోకాలి కింద దిండు ఉందేమో గమనించండి. డాక్టరు చెప్పిన వ్యాయామాలు కాగితం మీద రాసి గోడకు అంటించండి. సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చుని కొలిచి, గ్రాఫు గీయండి. కాలును మాత్రం మీరు నొక్కవద్దు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి రసి కారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మని పెద్దలకు చెప్పండి.

కోణమానిని ఖరీదు కొద్ది రూపాయలే. మిగతాది ఓపిక.