కిరాణా సంచిలోనే సగం పథ్యం

జొన్నల నుంచి ఖర్జూరం దాకా... మధుమేహం ఉన్న ఇంట సరుకులు కొనేదెలా?

మక్తల్: మధుమేహం ఉందని తేలిన ఇంట్లో మాత్రలు వచ్చి చేరుతాయి. నెల సరుకుల చీటీ మాత్రం పాతదే ఉంటుంది. బియ్యం, మైదా, చక్కెర, రస్కులు, మిక్చర్ ఎప్పటిలాగే సంచిలోకి వస్తాయి. వండిన తర్వాత పథ్యం పాటించడం కష్టం. దుకాణంలో సరుకు ఎంచుకునే దగ్గరే జాగ్రత్త పడటం తేలిక. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో వెల్లడించింది. మరో 13.6 కోట్ల మంది వ్యాధికి ముందు దశలో ఉన్నట్లు తేల్చింది.

పొరుగు దేశం చెప్పే పాఠం

పాకిస్థాన్‌లో పరిస్థితి మరింత తీవ్రంగా ఉంది. వయోజనుల్లో 30.8 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో అంచనా వేసింది. అప్పటికి ప్రపంచంలో అదే అత్యధికం. అక్కడి ఇళ్లలో వాడే గోధుమ రొట్టె, పులావు, సేమ్యాల ఖీర్, చాయ్‌లో ముంచుకునే పాపే (రస్కులు), ఖర్జూరం, గులాబీ షర్బత్తు మక్తల్ దుకాణాలకూ కొత్తవి కావు. ఇక్కడి ముస్లిం కుటుంబాలతో పాటు అందరి ఇళ్లలోనూ ఇవి కనిపిస్తాయి. ఢిల్లీలో 1907లో తయారైన రూహ్ అఫ్జా దేశ విభజన తర్వాత కరాచీలోనూ తయారవుతోంది. సరిహద్దుకు ఇటైనా అటైనా అందులో ప్రధాన సరుకు చక్కెర పాకమే. మధుమేహం ఉన్నవారు దాహానికి ఉప్పు తగ్గించిన పల్చటి మజ్జిగ, సబ్జా గింజలు వేసిన నీరు తీసుకోవడం మేలు.

రొట్టెకు ఏ పిండి?

పాలమూరు మెట్ట నేలల్లో ఒకప్పుడు పూట గడిచింది జొన్నరొట్టె, అంబలితోనే. ఇప్పుడు కంచంలో బియ్యానిదే పైచేయి. 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన పథకం కింద రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు చేరుతాయి. పేదింటికి అది పెద్ద ఆసరా. అయితే చేతిలో బియ్యం ఉండగా జొన్నలు కొని పిండి పట్టించుకునేవారు తగ్గడం సహజం.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములకు మించదు. పీచు ఎక్కువైతే అన్నం అరిగే వేగం తగ్గి, రక్తంలోకి చక్కెర నెమ్మదిగా చేరుతుంది. సజ్జలు, రాగులు, జల్లించని గోధుమ పిండిలోనూ పీచు బాగానే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. జొన్న మందు కాదు. వంద గ్రాముల జొన్నల్లో దాదాపు 68 గ్రాముల పిండిపదార్థం ఉంది. అన్నం మానేసి నాలుగు రొట్టెలు తింటే చక్కెర తగ్గదు. ఒకటి రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, అంతకు రెట్టింపు కూర ఉన్నప్పుడే ఫలితం కనిపిస్తుంది.

అన్నం లేనిదే పూట గడవని వారు తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) రకం అడిగి తీసుకోవచ్చు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఈ బియ్యం గ్లైసీమిక్ సూచిక సుమారు 51. ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలత ఇది. 55 లోపుంటే తక్కువ, 70 దాటితే ఎక్కువ అని లెక్క. రకం ఏదైనా కొలిచి వండుకోవడం తప్పదు.

పప్పులే అసలు బలం

ఈ ప్రాంతంలో పండే కందులు, శనగలు, పెసలు, ఉలవలు, అనుములు మధుమేహానికి తగిన సరుకులు. శనగలు, పప్పుల సూచిక తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. గోధుమ పిండిలో నాలుగో వంతు శనగపిండి కలిపి రొట్టె చేస్తే ఉత్త గోధుమ రొట్టె కంటే మేలు. మెంతికూర, కాకరకాయ, తోటకూర, సొరకాయ ధారాళంగా కొనవచ్చు. ఆలుగడ్డను కూరగా గాక అన్నంతో సమానంగా లెక్కించాలి.

చిరుతిళ్ల దగ్గరే చిక్కు

సాయంత్రం చాయ్‌తో తినే రస్కులు, బన్నులు, ఖారీ బిస్కెట్లలో ఎక్కువ భాగం మైదా, చక్కెర, వనస్పతితో తయారైనవే. మరమరాలు తేలిక ఆహారమనే నమ్మకం ఉంది. కానీ అవి చక్కెరను త్వరగా పెంచుతాయి. వీటికి బదులు వేయించిన శనగలు, గుప్పెడు పల్లీలు, ఉడికించిన శనగ గుడాలు, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపిన చనా చాట్ మంచివి. ఖరీదూ తక్కువే.

చక్కెరకు బదులు బెల్లం, తేనె వాడితే పర్వాలేదన్న మాటలో నిజం లేదు. రెండూ చక్కెరలే. ఎండు ఖర్జూరంలో మూడింట రెండొంతుల దాకా చక్కెర ఉంటుంది. ఒకటి రెండుకు మించరాదు. షీర్ ఖుర్మా పండగ పూట చిన్న గిన్నెతో సరిపెట్టుకోవాలి.

సైంధవ లవణం కూడా ఉప్పే. పాకిస్థాన్‌లోని ఖ్యూడా గనుల నుంచి వచ్చే ఈ ఉప్పుతో సహా ఆ దేశ దిగుమతులన్నిటినీ కేంద్రం 2025 మే 2న నిషేధించింది. అది దొరకలేదని చింతించనక్కర్లేదు. రక్తపోటు కూడా ఉన్నవారు ఏ ఉప్పునైనా తగ్గించాల్సిందే.

పొట్లం వెనుక చూడాలి

ముందు వైపు పెద్ద అక్షరాల్లో ‘మల్టీగ్రెయిన్’, ‘షుగర్ ఫ్రీ’ అని ఉన్నంత మాత్రాన నమ్మరాదు. వెనుక వైపు సరుకుల పేర్లను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు ముద్రిస్తారు. మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పేర్లు కూడా చక్కెరను పెంచేవే. ఇంట్లో చదువుకునే పిల్లలతో ఈ చీటీ చదివించుకోవచ్చు.

ఉపవాసానికి ముందు వైద్యుని సలహా

ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు రంజాన్ ఉపవాసాలకు ముందే వైద్యుని సంప్రదించి మోతాదు మార్పించుకోవాలి. ఉపవాసంలో చక్కెర 70 కంటే తగ్గితే వెంటనే విరమించాలి. ఆ సమయంలో షర్బత్తు, చక్కెర నీళ్లే ప్రాణం కాపాడతాయి. అన్నం అకస్మాత్తుగా తగ్గించే వారికీ ఇదే జాగ్రత్త అవసరం.

30 ఏళ్లు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. పరగడుపున 100 నుంచి 125 వరకు ఉంటే ముందు దశ, 126 దాటితే మళ్లీ పరీక్షించి మధుమేహంగా నిర్ధారిస్తారు. ముందు దశలో ఉన్నవారికి సరుకుల చీటీ మార్చుకోవడానికి ఇదే అదను.

సంచిలో వేయాల్సినవి: జొన్నలు, సజ్జలు, శనగలు, కందిపప్పు, పెసలు, పల్లీలు, మెంతులు, ఆకుకూరలు.

తగ్గించాల్సినవి: మైదా, రస్కులు, మరమరాలు, మిక్చర్, షర్బత్తులు, చక్కెర, బెల్లం, వనస్పతి.