వేడిమికి కరగు జిగురుపొర

మన ఇండ్లలో కొన్నింట తాతల నాటి రేడియో పెట్టె యింకను మిగిలియుండవచ్చును. అది చూచుటకు టేకు మొద్దునుండి తొలిచినట్లే యుండును. కాని అంచును పరిశీలించినచో, ప్లైవుడ్డు మీద పలుచని కొయ్యపొర నతికించి చేసినదని తెలియును. ఆ పొరకే వెనీరు అని పేరు. అట్టి పెట్టెలలో వాల్వుల వేడిమి తగులు పైభాగమున పొర లేచి, పెళుసై, విరుగుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. అతికించుటకు వేడిమి కావలెను. విడదీయుటకును వేడిమియే కారణమగుచున్నది. ఇది ఎట్లు?

ఇటీవల హైదరాబాదునకు ఉత్తరమున జవహర్‌నగర్‌లో క్రొత్తగా కట్టిన యొక యింటికి మేము వెళ్లితిమి. ఆ యింటివారు చాలకాలము కూడబెట్టిన సొమ్ముతో వీధి తలుపునకు టేకు వెనీరు వేయించుకొనిరి. ఒక వేసవియు, ఒక వానకాలమును గడచుసరికి తలుపు నడుమ బొబ్బలు లేచినవి. పలక విల్లువలె వంగినది. జిగురు మంచిది కాదని వారి విచారము. మేము తలుపు వెనుక ప్రక్కను చూచితిమి. అక్కడ వెనీరు లేదు, రంగు లేదు. వట్టి పలక మాత్రమే యున్నది. నేరమంతయు జిగురుది కాదని మాకు తోచినది.

కొయ్య గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బును; ఎండకు దానిని విడిచి ముడుచుకొనును. ఈ మార్పు ఈనె పొడవున మిక్కిలి తక్కువ; అడ్డముగా ఎక్కువ. ప్లైవుడ్డులో ఒక పొర ఈనెకు మరియొక పొర ఈనె అడ్డముగా నుంచుటకు కారణ మిదియే: ఒకదాని కదలికను మరియొకటి పట్టి నిలుపును. ఒక ముఖమునకు మాత్రమే వెనీరు వేసినచో ఆ ప్రక్క లాగుడునకు ఎదురు లాగుడు లేక పలక వంగును. కాబట్టి రెండు ముఖములకును పొర వేయుట పాత నియమము.

నీటితో కలిపిన జిగురునకు మరియొక చిక్కు కలదు. అర మిల్లీమీటరు మందము గల వెనీరు ఆ తడిని త్రాగి ఉబ్బును; జిగురు పైకి చిమ్మి మరక పడును. దీనికి విరుగుడుగా జర్మనీలో గోల్డ్‌ష్మిట్ సంస్థవారు ‘టెగో ఫిల్ము’ అను ఎండు పొరను తయారు చేసిరి. పలుచని కాగితమునకు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెజినును పట్టించి ఆరబెట్టినదే యది. దీనిని రెండు కొయ్యపొరల నడుమ పరచి వేడి ప్రెస్సులో నొక్కినచో, రెజిను మొదట కరగి కొయ్య రంధ్రములలోనికి దిగును, పిమ్మట గట్టిపడును. ఉడికిన గుడ్డు మరల పచ్చిది కానట్లు, ఇది మరల కరగదు.

ఈ పొర విలువ అది లేనప్పుడు తెలియవచ్చినది. 1943లో వూపర్తాల్‌లోని టెగో ఫిల్ము కర్మాగారము బాంబుదాడిలో దెబ్బతినెను. దానికి మారుగా వాడిన జిగురులోని ఆమ్లము కొయ్యను తినివేసెను. 1944 డిసెంబరు 10వ తేదీన హైంకెల్ 162 విమానము ప్రదర్శనలో ఎగురుచుండగా అతుకు వీడి కూలిపోయెను, నడుపువాడు మరణించెను.

రెండవ జాతి జిగురు లక్క వంటిది. వేడికి కరగును, చల్లారి గట్టిపడును, మరల వేడి తగిలిన మరల మెత్తబడును. ఏటికొప్పాక బొమ్మలవారు తిరుగుచున్న అంకుడు కొయ్యకు లక్కకడ్డీ నొత్తి పట్టుదురు; రాపిడి వేడికే లక్క కరగి పలుచని పొరగా పరచుకొనును. ఇస్త్రీ పెట్టెతో అతికించు నేటి జిగురు పొరలు ఈ జాతివే. పనివాడు పొరను శుభ్రమైన పలకపై పరచి, పై కాగితము మీదుగా వేడిచేసి, చల్లారిన పిదప కాగితమును ఒలిచి, వెనీరు నుంచి, నడుమ నుండి అంచులకు ఇస్త్రీ పెట్టెను నెమ్మదిగా జరుపవలెను. వేడి చాలినంత మాత్రమున పని ముగియదు. చల్లారు వరకు కొయ్యదిమ్మెతో నొక్కి పట్టవలెను. లేనిచో కరగిన జిగురు పట్టు బిగియక మునుపే పొర లేచును. దుమ్ము రేణువున్న చోటను బొబ్బ తప్పదు.

జవహర్‌నగర్ తలుపునకు పడమటి ఎండ నేరుగా తగులుచుండెను. అట్టి చోట కరగు జాతి జిగురు మెత్తబడవచ్చును. ఎండతగులు తలుపునకు ప్రెస్సులో గట్టిపరచిన పలకను కొనుట మేలు; ఇంటిలోని అలమారకు ఇస్త్రీ పొర చాలును. ఆ యింటివారి తలుపును దించి, బొబ్బలపై కాగితము పరచి ఇస్త్రీ చేసి, చల్లారు వరకు బరువు నుంచగా అవి అణగినవి. వెనుక ప్రక్కను వెనీరు వేసి, పైన చిన్న నీడరేకు కట్టింపుడని చెప్పితిమి. వంపు పూర్తిగా పోలేదు. కాని తలుపు మరల మూతపడుచున్నది. క్రొత్త తలుపు కొను ఖర్చు వారికి తప్పినది.

పాత రేడియో పెట్టెను బాగుచేయదలచినవారు ముందుగా విద్యుత్తు తీగను ఊడదీసి, లోపలి యంత్రమును నేర్పరిచేత వెలికి తీయింపవలెను. అందులో సరేసు వాడియున్నచో, స్వల్పమైన తడితోను, వేడితోను అది మరల అంటుకొనుట కలదు. పని ముగిసిన పిదప గోటితో తట్టి చూడుడు. గట్టి చోట గట్టి చప్పుడు. డొల్ల చోట డొల్ల చప్పుడు. రేడియో వినుటకు అలవడిన చెవికి ఆ భేదము తెలియకపోదు.