నీటిగడ: దాని మన్నిక, సంరక్షణ

చేతికి అందని దానిని అందుకొనుటకు మానవుడు మొట్టమొదట వాడిన సాధనములలో గడ యొకటి. మామిడికాయ కోయు దోటి, పడవ నడుపు గడకర్ర, ఇంటికప్పున బూజు దులుపు బూజుకర్ర మన నిత్యజీవితమున సుపరిచితములు. వీనిని గూర్చి ఎవరును వ్యాసములు వ్రాయరు. విరిగినచో మరియొక వెదురు తెచ్చుకొందురు. కాని అదే గడ ఒక మనిషికి జీవనోపాధియై, దాని వెల అతనికి మోయరాని బరువై, దాని దృఢత్వముపై అతని ప్రాణమును, క్రింద నడచు బాటసారి క్షేమమును ఆధారపడినపుడు, దాని మన్నిక శాస్త్రీయముగ పరిశీలింపదగిన విషయమగును. ఎత్తైన కట్టడముల కిటికీ అద్దములను నేలపై నిలిచియే కడుగుటకు వృత్తిపనివారు వాడు అట్టి గడను ఆంగ్లమున 'వాటర్ ఫెడ్ పోల్' అందురు. ఈ వ్యాసమున మేము దానిని 'నీటిగడ' అని పిలిచెదము.

నిచ్చెన నుండి నేలకు

బ్రిటను దేశమున కిటికీలు తుడుచుట ఒక ప్రత్యేక వృత్తి. తరతరములుగ ఆ పనివారు నిచ్చెన, బొక్కెన, తోలుగుడ్డ, రబ్బరు అంచు గల తుడుపుపలక మాత్రమే నమ్ముకొని బ్రదికిరి. ఒక చేత నిచ్చెనను పట్టుకొని రెండవ చేత అద్దమును తుడుచుచుండగ, తడి నేలపై నిచ్చెన జారి అవయవములు కోల్పోయినవారును, ప్రాణములు కోల్పోయినవారును కలరు. 2005 ఏప్రిల్ 6వ తేదీన అచ్చట 'వర్క్ ఎట్ హైట్ రెగ్యులేషన్స్' అను నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఎత్తు ఎక్కకుండ నెరవేర్పదగిన పనికి మనిషిని ఎత్తు ఎక్కింపరాదనియు, ఎక్కింపక తప్పనిచో పడిపోకుండ తగిన రక్షణ కల్పింపవలెననియు వాని సారాంశము. నిచ్చెనను ఆ నిబంధనలు పూర్తిగ నిషేధింపలేదు. కాని నేలపై నిలిచి పనిచేయు మార్గమున్నపుడు దానినే మొదట ఎన్నుకొనవలెనను సూత్రము నీటిగడకు మరింత ప్రాచుర్యమును కలిగించినది.

ఈ సాధనపు నిర్మాణము సులభగ్రాహ్యము. ఒకదానిలో ఒకటి ఇమిడి, అవసరమును బట్టి పొడవగు గొట్టములు కొన్ని, ప్రతి అతుకు వద్ద వానిని బిగించు క్లాంపు, కొసన కుంచె, కుంచెలో నీటిని చిమ్ము సన్నని జెట్లు, గడ లోపలినుండి గాని ప్రక్కనుండి గాని పైకి పోవు సన్నని పైపు, క్రింద బండిలో నీటి ట్యాంకు, బ్యాటరీతో నడచు చిన్న పంపు. పనివాడు కుంచెతో రుద్ది మురికిని వదలించి, పిదప శుద్ధజలముతో అద్దమును పైనుండి క్రిందికి కడిగివేయును. గుడ్డతో తుడుచుట లేదు. అద్దము తనంతట తానే ఆరును. అయినను మచ్చ మిగులదు.

మచ్చ మిగులని నీరు

మచ్చ ఎందుకు మిగులదు? కాగుబిందె అడుగున తెల్లని పొర కట్టుటను మనమందరమును చూచియున్నాము. నీరు ఆవిరియైనను దానిలో కరగియున్న సున్నము, మెగ్నీషియము మున్నగు లవణములు ఆవిరి కాజాలవు. అద్దముపై ఆరిన బొట్టు విడుచు తెల్లని మచ్చయు అదియే. లీటరునకు 300 మిల్లీగ్రాముల లవణములు గల నీటిని 100 లీటర్లు ఆరబెట్టినచో 30 గ్రాముల పొడి మిగులును. మన దేశపు ప్రమాణముల ననుసరించి త్రాగునీటిలో కరగిన ఘనపదార్థములు లీటరునకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకార్యములు. వేరు నీరు దొరకనిచోట 2000 వరకు అనుమతి కలదు. అనగా త్రాగుటకు యోగ్యమైన నీరెల్ల అద్దము కడుగుటకు యోగ్యము కాదు.

కావున పనివారు నీటిని ముందుగ శుద్ధి చేయుదురు. మొదటి వడపోతలో మట్టి, రెండవదియగు బొగ్గు వడపోతలో క్లోరిన్ తొలగును. పిమ్మట నీరు ఆర్.ఓ. పొర గుండ ఒత్తిడితో పోవును. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడు పీడ మూలమున ఆర్.ఓ. యంత్రమును మన పల్లెలు కూడ చక్కగ ఎరుగును. ఆ పొర లవణములలో నూటికి 95 పాళ్లు తొలగించినదనుకొన్నచో 300 కాస్త 15 అగును. మిగిలిన 15ను రెజిన్ గుళికలు గ్రహించును. ఆర్.ఓ. లేకుండ రెజిన్ ఒక్కదానినే వాడినచో అది ఇరువది రెట్లు త్వరగ నిండిపోవును. బొగ్గు వడపోతను సకాలమున మార్చనిచో క్లోరిన్ ఆర్.ఓ. పొరను పాడుచేయును. చౌకయైన దానిని ఉపేక్షించుటచే ఖరీదైనది నశించుటకు ఇది మంచి ఉదాహరణము. శుద్ధజలము ఇత్తడి, రాగి వంటి లోహములను మెల్లగ తినివేయును గనుక బిగింపులకు ప్లాస్టిక్ గాని స్టెయిన్‌లెస్ స్టీలు గాని వాడుట మేలు.

గడ దేనితో చేయబడును?

గడలకు వాడు పదార్థములు ముఖ్యముగ మూడు: అల్యూమినియము, గాజునార కలిపిన ప్లాస్టిక్, కర్బననార కలిపిన ప్లాస్టిక్. అల్యూమినియము సాంద్రత ఘన సెంటీమీటరునకు 2.7 గ్రాములు, గాజునార మిశ్రమమునకు సుమారు 1.9; కర్బననార మిశ్రమమునకు సుమారు 1.6. బరువు తక్కువ, బిగువు ఎక్కువ అను రెండు గుణములును కర్బననారలో కలిసియున్నవి. 1960 దశకమున ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమున బలమైన కర్బననారను తయారుచేయు విధానము రూపొందినది. విమానముల కొరకు వెదకిన పదార్థము నేడు కిటికీలు కడుగు శ్రామికుని చేతిలోనికి వచ్చినది.

బిగువు అంత ముఖ్యమేల? ఒక కొస పట్టుకొని రెండవ కొసకు బరువు కట్టిన కడ్డీ వంగుదల దాని పొడవు యొక్క ఘనమును అనుసరించును. పొడవు రెట్టింపైనచో, అదే బరువునకు వంగుదల ఎనిమిది రెట్లగును. ఇరువది అడుగుల గడలో కానరాని లోపము నలుబది అడుగుల గడలో ఊపుగ మారి, పనివాని మెడను, భుజములను, నడుమును పీడించును. ఒక్కనాటి నొప్పి మరునాటికి తగ్గవచ్చును. సంవత్సరముల తరబడి సాగిన నొప్పి అతనిని ఆ వృత్తికే దూరము చేయును.

గడకు శత్రువులు

మొదటి శత్రువు ఇసుక. గొట్టమునకు, గొట్టమునకు నడుమ చేరిన దుమ్ము, గడను చాచినపుడెల్ల, ముడిచినపుడెల్ల గరుకు కాగితమువలె రెండింటిని అరగదీయును. గోడలు పలుచబడి గడ వదులగును. ఒక్కొక్కపుడు గొట్టములు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని కదలవు. దీనికి నూనె పూయుట మందు కాదు. జిడ్డునకు దుమ్ము మరింత అంటుకొనును. క్లాంపు పట్టు జారును. ప్రతి దినము పని ముగిసిన పిదప ప్రతి గొట్టమును తడిగుడ్డతో తుడుచుట, వారమునకొకసారి గడను విడదీసి లోపల కూడ నీటితో కడిగి నీడన ఆరబెట్టుట, ఈ రెండే సరియైన చికిత్సలు.

రెండవ శత్రువు అతి బిగింపు. కర్బననార గొట్టము పొడవునకు గట్టిది; కాని ప్రక్కలనుండి నొక్కినచో పలుచని గోడ చిట్లును. క్లాంపు మీట మూసినపుడు గొట్టము జారక, తిరుగక నిలిచినచో చాలును. అంతకు మించి మరను బిగింపరాదు. బిగించినను జారుచున్నచో తప్పు సాధారణముగ మరది కాదు. లోపల చేరిన మురికియో, అరిగిన పట్టుయో దానికి కారణము. తుడిచి చూచి, అవసరమైనచో పట్టును మార్చవలెను.

మూడవది ఎండ. నారలను అతికి పట్టుకొనునది ఎపాక్సీ రెజిన్. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు దానిని క్రమముగ బలహీనపరచును. పై పొర పోయినచో నారలు బయటపడి, కంటికి కనబడనంత సన్నని ముండ్లవలె అరచేతిలో గ్రుచ్చుకొనును. నల్లని గడ ఎండలో మిక్కిలి కాగును. మూసిన వాహనములో విడిచినచో దాని ప్లాస్టిక్ భాగములు వంకర పోవచ్చును. శీతల దేశములలో దీనికి వ్యతిరేకమైన ప్రమాదము కలదు. పైపులోను వడపోతలలోను నిలిచిన నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, వానిని చీల్చివేయును.

నాలుగవది దెబ్బ. గడను దించునపుడు గొట్టములను జారవిడిచినచో అడుగు అంచులు చిట్లును; వ్రేళ్లు నలుగును. లోహము దెబ్బతిన్నచో సొట్ట పడి కనబడును. కర్బననార మిశ్రమము పైకి బాగుగనే యుండి లోపల పొరలు విడిపోవచ్చును. కుండ కొనువాడు వ్రేలితో కొట్టి చూచునట్లు, గడను నాణెముతో పొడవునా తట్టుచు వినవలెను. మ్రోత స్పష్టముగ నున్నచోట గట్టిది. మొద్దుబారినచోట పగులు అనుమానింపవలెను. అంచు రేగినచో నీటితో తడిపి సన్నని గరుకు కాగితముతో నునుపు చేసి, ఎపాక్సీతో మూయవలెను. ఈ పనిలో ముక్కునకు ముసుగు, చేతికి తొడుగు తప్పనిసరి. ఆ ధూళి పీల్చదగినది కాదు. గోడ మధ్యనే పగిలినచో మరమ్మతును నమ్మక ఆ భాగమును మార్చుట శ్రేయస్కరము.

కర్బననారకు తగిలియున్న అల్యూమినియము భాగము నీటి సాహచర్యముచే విద్యుద్రసాయన చర్యకు లోనై క్రమముగ తినబడును. అట్టి అతుకులను విప్పి చూచుట మరువరాదు. కుంచె వెండ్రుకలు అణగి వంగిపోయినచో కుంచె కర్ర అద్దమును గీయును. జెట్టు మూసుకొన్నచో నీరు ఒక ప్రక్కకే పోవును. పైపు మడతపడు చోటు సాధారణముగ గడ అడుగుభాగము. అచ్చటనే మొదట చీలిక కనబడును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము

మన్నికను గూర్చి ఎంత చెప్పినను, విద్యుత్తును గూర్చి చెప్పనిచో ఈ వ్యాసము అసంపూర్ణము. అల్యూమినియము వలెనే కర్బననారయు విద్యుద్వాహకము. గాజునార శుభ్రముగ, పొడిగ నున్నంతవరకు విద్యుత్తును ఆపును. కాని తడిసి మాసిన గడను ఎవరును నమ్మరాదు. శుద్ధజలము విద్యుత్తును అంతగ ప్రసరింపనీయదన్నది నిజమే. అయినను అది గోడ మురికిని కలుపుకొని గడ వెంట జారిన మరుక్షణమే ఆ గుణమును కోల్పోవును. అధిక వోల్టేజి తీగను తాకనక్కర లేదు. మిక్కిలి సమీపించినను విద్యుత్తు దుముకవచ్చును. మన పట్టణములలో 11 కిలోవోల్టుల తీగలు మేడల ప్రక్కనుండియే పోవుచున్న వీధులు పెక్కు కలవు. గడను పూర్తిగ చాచి ఏ దిక్కునకు పడినను తీగ దరిదాపులకు చేరదని నిశ్చయమైనచోట మాత్రమే దానిని ఎత్తవలెను.

మనకేమి సంబంధము?

హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో అద్దపు గోడల సౌధములు లేచినవి. త్రాళ్లపై వ్రేలాడుచు వానిని కడుగు యువకులను చూచి మనము తలలెత్తి ఆశ్చర్యపడి సాగిపోవుచున్నాము. అంతటి ఎత్తునకు నీటిగడ అందదు. సాధారణముగ నాలుగైదు అంతస్తులే దాని పరిధి. కాని ఆసుపత్రులు, పాఠశాలలు, దుకాణములు పెక్కు ఆ పరిధిలోనివే. మరియు కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాల నుండి గల్ఫు దేశములకు పోయి, కట్టడముల శుభ్రతయే ఉపాధిగ గలవారు మనలో ఎందరో కలరు. ఎడారి ధూళి గడకు ఎంతటి శత్రువో, అచ్చటి ఎండ ఎంతటి శత్రువో పైన చెప్పినదానిని బట్టి ఊహింపవచ్చును. పోవువానికి ఈ నాలుగు సంగతులు ముందే తెలిసినచో అది అతనికి చిన్న మేలు కాదు.

ఉర్దూ నుండి తెలుగునకు వచ్చిన 'మరమ్మతు' అను మాట మనకందరకు తెలిసినదే. చెడినదానిని బాగుచేయుట మరమ్మతు. 'హిఫాజత్' అను మరియొక ఉర్దూ మాట కలదు. చెడకముందే కాపాడుట దాని భావము. ఒక తడిగుడ్డ, పది నిమిషముల ఓపిక, వారమునకొకసారి పరిశీలన, ఏ నాడు ఏ భాగము మార్చితిమో వ్రాసియుంచు చిన్న పుస్తకము ఉన్నచో నీటిగడ విషయమున హిఫాజత్ పూర్తియగును.

ఇది ఒక్క గడకే పరిమితము కాదు. ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని, గ్రంథాలయములోని పుస్తకము, వసతిగృహములోని నీటి యంత్రము ఇవన్నియు కొన్ననాడు స్టాకు రిజిస్టరులో నమోదగును. ఆ తరువాత వాని బాగోగులు నమోదగు పుస్తకము సామాన్యముగ ఉండదు. సంరక్షణకు వేరుగ కొంత నిధిని, బాధ్యుడైన ఒక మనిషిని, నెలకొకసారి తనిఖీని ఏర్పరచుట కమిటీ పెద్దలకు కష్టమైన పని కాదని మా మనవి. విద్యార్థులు పనిముట్టును చేతబట్టుటను చిన్నతనముగ భావింపక, అది ఏ పదార్థముతో చేయబడినదో, ఎందుచేత అరుగునో ప్రశ్నించుట నేర్చినచో, తరగతి గదిలో చదివిన భౌతిక రసాయన శాస్త్రములు వారికి జీవితమున అక్కరకు వచ్చును. ఎత్తున పనిచేయు తోటి మానవుడు సాయంకాలమునకు క్షేమముగ ఇల్లు చేరుటకు ఆ శాస్త్రజ్ఞానము తోడ్పడినచో, చదువునకు అంతకు మించిన ప్రయోజనమేమి కలదు?