ఆసు యంత్రం, బస్సు టికెట్టు, పళ్లరసం

నార్కట్‌పల్లి కూడలిలో కొత్తగా టిఫిన్ హోటలు పెట్టేవారికి ప్లేటు ఇడ్లీ ఎంతకు అమ్మాలో, రోజుకు ఎందరు వస్తే అద్దె గిట్టుబాటవుతుందో ముందే ఒక అంచనా ఉంటుంది. ఆ వ్యాపారం ఎలా నడపాలో అంతకుముందు నడిపినవాళ్లు చూపించే ఉన్నారు. అంకుర సంస్థ, అంటే స్టార్టప్, ఇలాంటి నమూనా లేనిచోట మొదలవుతుంది. తాను తయారుచేసేది ఎవరికి కావాలి, వాళ్లు దానికి ఎంత చెల్లిస్తారు, ఆ రాబడితో ఖర్చులు తీరతాయా అన్నవి వెతుక్కుంటూనే అది బతకాలి, పైగా చేతిలోని పెట్టుబడి కరిగిపోయేలోగా జవాబులు దొరకాలి.

పూర్వపు నల్గొండ జిల్లాలో ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశానికి మొదటి జవాబు ఇంట్లోనే దొరికింది. పోచంపల్లి తరహా చీర నేతకు ముందు, అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ నూలు పోగును వరుసగా తిప్పే పనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది, ఆ భారం ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. భుజాల నొప్పితో తల్లి లక్ష్మి పడే బాధ చూసి, ఆరో తరగతితో చదువు ఆగిన ఆయన 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999కి గానీ కుదరలేదు. తల్లి పేరే పెట్టుకున్న ఆ లక్ష్మీ ఆసు యంత్రం అదే పనిని గంటన్నరలో ముగించడంతో, అది ఎందుకు కొనాలో నేత కుటుంబాలకు ఎవరూ నచ్చజెప్పవలసిన అవసరం లేకపోయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అవసరం నిజమైనదైనా, దానికి మొదట తోచిన పరిష్కారం సరైనదే కావాలని లేదు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరకని ఫణీంద్ర సామ, ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్‌ను స్థాపించారు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఏజెంట్లు ఫోన్లు చేసి కనుక్కునే రోజులవి. సీట్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ ఇస్తామంటే ట్రావెల్స్ యజమానులు ఆసక్తి చూపలేదు. దాంతో వీరు ఆ ఆలోచనను పక్కనబెట్టి, కొన్ని సీట్లు ఇస్తే కమీషన్ మీద ఇంటర్నెట్‌లో అమ్మిపెడతామన్నారు, యజమానులు ఒప్పుకున్నది దానికే. 2013లో రెడ్‌బస్‌ను ఇబిబో అనే సంస్థ కొనుగోలు చేసింది.

డబ్బుకు కొరత లేని చోట ఏం జరిగిందో అమెరికాలోని జ్యూసెరో చెబుతుంది. దాదాపు 12 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూరిన ఆ సంస్థ, ప్యాకెట్టులోని పళ్ల, కూరగాయల ముక్కల నుంచి రసం తీసే యంత్రాన్ని మొదట 699 డాలర్లకు అమ్మింది. ప్యాకెట్టును చేత్తో పిండినా దాదాపు అంతే రసం వస్తోందని 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు చూపించారు. సెప్టెంబరుకల్లా సంస్థ మూతపడింది.

అయితే గెలిచినవాటిని మాత్రమే చూసి కారణాలు చెప్పడంలో ఒక చిక్కు ఉంది: మల్లేశం లాగే అవసరాన్ని సరిగ్గా గుర్తించి, నాలుగో ఏటనో ఐదో ఏటనో అప్పులు భరించలేక మానుకున్నవాళ్ల పేర్లు ఎక్కడా నమోదు కావు. ఇతరుల పెట్టుబడితో నడిచే సంస్థకు సాధారణంగా మల్లేశానికి పట్టిన ఏడేళ్ల గడువు దొరకదు, అందులోనూ అమ్మకానికి ఒక్క యంత్రం కూడా సిద్ధం కాని ఏడేళ్లు.