వేలు చూపిన దొర, వీరగల్లు చూపిన స్వర్గం

గుబురు మీసాల దొర ఒకడు మన కళ్లలోకే చూస్తూ చూపుడువేలు చాచి ఉంటాడు. ఎటు జరిగినా ఆ వేలు మన వైపే తిరుగుతుంది. సైన్యంలో చేరమనే పోస్టర్లు ఎన్ని వచ్చినా ముందు గుర్తొచ్చేది ఇదే. ఆల్‌ఫ్రెడ్ లీట్ గీసిన ఈ బొమ్మ 1914 సెప్టెంబర్ 5న ‘లండన్ ఒపీనియన్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. అందులో ఉన్నది బ్రిటన్ యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్. 1917లో అమెరికా చిత్రకారుడు జేమ్స్ మాంట్‌గొమరీ ఫ్లాగ్ అదే ఎత్తుగడతో అంకుల్ శామ్‌ను గీశాడు. మోడల్‌ను వెతుక్కోవడం ఎందుకని తన మొహానికే తెల్లగడ్డం తగిలించాడు. రెండేళ్లలో నలభై లక్షల ప్రతులు దాటాయి.

కిచెనర్ మనకు కొత్తవాడేం కాదు. 1902 నుంచి 1909 దాకా భారత సైన్యాధిపతి. అంతకుముందు మద్రాసు సైన్యాన్ని నడిపిన లార్డ్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్లలో పోరాడే చేవ చచ్చిపోయిందని తేల్చేశాడు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న వాదం సర్కారు నోట వేదమైంది. ప్లాసీకి క్లైవు వెంట నడిచినవాళ్లలో మద్రాసు సిపాయిలున్నారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మద్రాసు పటాలాలు కొన్ని రద్దయ్యాయి, కొన్ని పంజాబీ పటాలాలుగా మారాయి. కిచెనర్ ఏలుబడిలోనూ ఇదే తంతు. లండన్‌లో ‘నువ్వే కావాలి’ అన్న వేలు ఇక్కడ ‘నువ్వొద్దు’ అంది.

యుద్ధం ముదిరాక మడి కట్టుకు కూర్చోవడం కుదరలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి పదమూడు లక్షలమందికి పైగా వెళ్లారు, డెబ్బై వేలమందికి పైగా తిరిగి రాలేదు. రెండో యుద్ధం నాటికి ఆ సైన్యం పాతిక లక్షలకు పెరిగింది. ఒకప్పుడు వద్దనుకున్న మద్రాసు రెజిమెంటును 1941లో మళ్లీ నిలబెట్టారు.

పోస్టరు ఎవరితో మాట్లాడుతోందో అది ఇస్తానన్న దాన్ని బట్టి తెలిసిపోతుంది. బ్రిటన్‌లో అది సిగ్గును తట్టిలేపింది. శావిల్ లమ్లీ 1915లో గీసిన బొమ్మలో, యుద్ధం ముగిశాక ఒడిలో కూర్చున్న కూతురు నాన్నను అడుగుతుంది, అప్పుడు నువ్వేం చేశావని. కుర్చీలోని ఆ తండ్రి మొహంలో జవాబు లేదు. ఎంత పదునైన చిత్రమో అంత దుర్మార్గమైన చిత్రం అనిపిస్తుంది నాకు. ఇన్ని చేసినా మనుషులు చాలక 1916లో అక్కడ నిర్బంధ సైనిక సేవ తెచ్చారు.

మన దేశంలో అతికించిన ఒక ఉర్దూ పోస్టరు సిగ్గు ఊసే ఎత్తదు. ఈ యూనిఫాం, ఈ రూపాయలు, ఈ తుపాకీ ఎవరు తీసుకుంటారని అడుగుతుంది. పటాలంలో చేరేవాడని తనే జవాబు చెబుతుంది. 1911 లెక్కల ప్రకారం దేశంలో చదవగలిగినవాళ్లు నూటికి ఆరుగురే. రాత చదవలేనివాడికైనా రూపాయి బొమ్మ తెలుస్తుంది కదా. సిపాయి జీతం అప్పట్లో నెలకు పదకొండు రూపాయలు. వానను నమ్ముకున్న సేద్యంలో నెలనెలా చేతికొచ్చే పదకొండు రూపాయలంటే ఏమిటో అనంతపురం జిల్లా రైతుకు వివరించక్కర్లేదు. బేరాన్ని బేరంగా చూపిన ఈ పోస్టరే నాకు లండన్ దానికంటే నిజాయితీగా కనిపిస్తుంది. అయితే అదీ సగం నిజాయితీయే. తుపాకీకి అవతలి వైపు ఏముందో చెప్పదు.

బొమ్మ కట్టిన తీరు సంగతికొస్తే, ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు ఈ పోస్టర్లలో కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. ముతక నల్లగీత, పలుచగా పరిచిన నాలుగైదు రంగులు, వెనక ఖాళీ, పెద్ద కన్ను. దీపం వెలుగులో ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ రావణుడు రావణుడిలాగే కనిపించాలి. రోడ్డు మీద పోయేవాడి చూపు నిలిచేది రెండు క్షణాలే గనక పోస్టరుకూ అదే సూత్రం. పైగా లిథో అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. రంగులు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో ఇప్పుడు తోలుతో లాంతర్లు, గోడబొమ్మలు కూడా చేస్తున్నారు.

కాగితం రాకముందు ఈ పని చేసింది రాయి. హిందూపురం, పెనుకొండ వైపు పల్లెల్లో చెరువుకట్టల మీద, గుళ్ల ముందు నిలబెట్టిన వీరగల్లుల్ని కింది నుంచి పైకి చదవాలి. కింది అరలో పోరు. నడి అరలో వీరుణ్ణి చెరో చెయ్యి పట్టి తీసుకుపోయే అప్సరసలు. పై అరలో శివలింగం ముందు కూర్చున్న అతనే. ఆ పైన సూర్యచంద్రులు. ముందు చావు, తరవాతే స్వర్గం. మహాయుద్ధపు పోస్టర్లు దాటేసిన అరను మన శిల్పి అన్నిటికంటే ముందు చెక్కాడు. బతికున్నవాళ్లకూ కొంత ముట్టేది. బెంగళూరు పక్కన బేగూరులో దొరికి ఇప్పుడు అక్కడి ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న వీరగల్లు సుమారు క్రీ.శ. 900 నాటిది. గంగవంశపు రాజు ఎరెయప్ప పంపగా వెళ్లి నాగత్తర అనే యోధుడు పోరులో పడ్డాడు. అతని పదవినీ, పన్నెండు ఊళ్లనూ రాజు ఇరుగ అనే అతనికి ఇచ్చాడు. అలాంటి దానాన్ని కన్నడ శాసనాలు నెత్తురు మాన్యం అంటాయి.

ఇప్పుడు రాయీ, లిథో అచ్చూ పోయి ఫ్లెక్సీ వచ్చింది. 2022 జూన్‌లో ప్రకటించిన సైనిక భర్తీ పథకం అగ్నిపథ్‌లో ఉద్యోగం నాలుగేళ్లు, మొదటి ఏడాది జీతం నెలకు ముప్పై వేలు, బయటికొచ్చేటప్పుడు చేతికి సుమారు 11.71 లక్షలు. నూటికి పాతికమంది వరకే కొనసాగిస్తారు. ప్రకటన వెలువడిన వారంలోపే సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, ఒక యువకుడు తూటాకు చనిపోయాడు. ఆ కుర్రాళ్ల గొడవ దేశభక్తి గురించి కాదు, ఈ అంకెల గురించే. అయినా భర్తీకి పిలుపొస్తే మన ఊళ్ల కుర్రాళ్లు వెళ్లడం మానలేదు.

గోరంట్ల మండలం కల్లితండా నుంచి అలా వెళ్లిన అగ్నివీరుడు మురళీ నాయక్ 2025 మే నెలలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణం వదిలాడు. కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం యాభై లక్షల రూపాయలు, ఇంటిస్థలం, వాటితో పాటు అయిదెకరాల పొలం ప్రకటించింది. బేగూరు రాతి మీద పన్నెండు ఊళ్ల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. చేరమని పిలిచే ఏ ఫ్లెక్సీ మీదా ఈ అయిదెకరాల మాట ఉండదు.