ఎరువు అడగదు... ఓపిక అడుగుతుంది!

చోడవరం: వానాకాలం వచ్చిందంటే నూతి గట్టు మీద, చూరు నీళ్లు పడే బండ మీద, ప్రహరీ గోడకు ఉత్తరం వైపున పచ్చని పొర ఒకటి పుట్టుకొస్తుంది. సంక్రాంతికి సున్నం వేసే ముందు దాన్ని గీకి పారేయడం ఇళ్లల్లో ఆనవాయితీ. జపానులో ఆ పచ్చదనాన్నే వందల ఏళ్లుగా తోటలుగా కాపాడుకుంటున్నారు. మన దేశంలోనూ ఉత్తరాఖండ్ అటవీశాఖ దాని కోసమే నైనిటాల్ దగ్గర లింగాధర్ గ్రామంలో పది హెక్టార్లలో తోట వేసి, 2020 నవంబరులో ప్రారంభించింది. ముప్పై రకాల నాచు అక్కడ ఉంది.

చోడవరం ప్రాంతంలో రాతినాచు పెంచాలనుకునేవారికి పైసా ఖర్చు ఉండదు. కొనక్కర్లేదు. మాడుగుల కొండల నుంచో, లంబసింగి నుంచో ఊడబెరికి తేవలసిన పని అంతకన్నా లేదు. పెరట్లో ఉన్నదే చిటికెడు చాలు.

పాచి వేరు, నాచు వేరు

పల్లెల్లో ఆకుపచ్చగా కనిపించేదాన్నల్లా పాచి అనో నాచు అనో అనేయడం మామూలే. చెరువులో తీగలు తీగలుగా తేలేది ఒక రకం. కాలు పెడితే జర్రున జారే బంక పాచి మరో రకం. బండ మీద మఖమలు గుడ్డ పరిచినట్టు మెత్తగా, దగ్గరికి వెళ్లి చూస్తే బుల్లి బుల్లి ఆకులతో కనిపించేది మూడో రకం. ఇంగ్లీషులో మాస్ అనే ఈ మూడో రకాన్నే అలంకారానికి పెంచుతారు. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి ఫ్యునేరియా పేరు గుర్తుండే ఉంటుంది. అదీ ఈ కుటుంబంలోదే.

దీనికి పువ్వు లేదు, విత్తనం లేదు, అసలైన వేరూ లేదు. నూలుపోగుల్లాంటి సన్నని దారాలతో రాతిని పట్టుకుని ఉంటుంది. అవి పట్టుకు నిలవడానికే ముఖ్యం. వాన, మంచు తడిని ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. నీరు బాగా దొరికిన రోజుల్లో సన్నని కాడ చివర చిన్న కాయ వస్తుంది. అందులోని సిద్ధబీజాలు దుమ్ములా గాలిలో ఎగిరి మరో రాతి మీద పడి మొలుస్తాయి. ప్రపంచంలో ఇలాంటి నాచు మొక్కలు సుమారు 12 వేల రకాలు ఉన్నాయి.

రుబ్బురోలు భేషైన కుండీ

నునుపు పట్టించిన పాలరాయి, టైలు రాయి నాచుకు పనికిరావు. గరుకుగా ఉండి, తడిని కొంతసేపు పట్టి ఉంచే రాయి కావాలి. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే, ఎర్రబారి గుల్లగా మారే రాయి ఇందుకు అనువైనది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని ఖోండలైట్ అంటారు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే దీనికా పేరు వచ్చింది.

మిక్సీలు వచ్చాక పెరట్లో ఓ మూలకు చేరిన రుబ్బురోలు, అరిగిపోయిన సన్నెకల్లు కూడా బాగా పనికొస్తాయి. అయితే రోలు గుంటలో నీరు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి. గుంటను ముందుగా ఇసుక, మట్టితో నింపాలి. కొత్త సిమెంటు తొట్టిలో సున్నపు గుణం ఎక్కువ కాబట్టి, ఒక వానాకాలం తడిసి పాతబడ్డాకే వాడుకోవాలి.

ఏ రాతి మీద పుట్టిన నాచు ఆ రకం రాతి మీదే బాగా పడుతుంది. సిమెంటు గోడ మీది నాచును సిమెంటు తొట్టికి, కొండరాతి మీది నాచును కొండరాతికి నాటుకోవడం మేలు.

నాటే విధానం

తొలకరి పడి నేల చల్లబడ్డాక నాటడం మంచిది. నూతి గట్టు మీదో, గోడ మీదో దట్టంగా ఉన్నచోట రూపాయి బిళ్లంత ముక్కను పలుచని చాకుతో అడుగు మట్టితో సహా లేపాలి. ఉన్నదంతా ఒలిచేయకూడదు. చుట్టూ వదిలితే ఆ ఖాళీ మళ్లీ నిండుతుంది.

రాతిని ఉత్త నీళ్లతో కడిగి, చెరువు బంకమట్టిని దోసెల పిండిలా కలిపి పలుచగా పూయాలి. నాచు ముక్కను దాని మీద పెట్టి అరచేతితో గట్టిగా అదమాలి. కింద గాలి ఉండిపోతే ముక్క ఎండిపోతుంది. రాయి ఏటవాలుగా ఉంటే నూలు దారంతో చుట్టాలి. నాచు పట్టుకునేసరికి దారం కుళ్లి రాలిపోతుంది.

రెండో పద్ధతిలో ఎండిన నాచును చేత్తో నలిపి, తడి బంకమట్టి మీద పసుపు చల్లినట్టు చల్లుతారు. ఆకు తునక నుంచీ కాడ తునక నుంచీ కొత్త మొక్క లేస్తుంది. మజ్జిగలో నాచు కలిపి పూయాలనే మాట కూడా ప్రచారంలో ఉంది. మజ్జిగ వల్ల బూజు పట్టి, ఈగలు ముసిరే అవకాశమే ఎక్కువ. నీళ్లే చాలు.

చల్లిన వెంటనే ఫలితం కోసం చూడరాదు. పచ్చని చుక్కలు కనపడడానికే వారాలు పడుతుంది. రాయంతా కప్పుకోవడానికి ఒకటి రెండేళ్లు పట్టవచ్చు. చెరకు తోటకు ఎరువు మీద ఎరువు వేసే రైతుకు ఇది వింతగా తోచవచ్చు గానీ, నాచుకు యూరియా గానీ, పేడ నీళ్లు గానీ అస్సలు పోయకూడదు. ఎరువు తగిలితే గడ్డి, బంక పాచి పెరిగి నాచును మింగేస్తాయి.

నీరు, నీడ

మొదటి నెల ఉదయం, సాయంత్రం చేత్తో చిలకరించాలి. చెంబుతో గుమ్మరిస్తే మట్టి, నాచు రెండూ కొట్టుకుపోతాయి. వాననీరు శ్రేష్ఠం. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు పోస్తుంటే కొన్నాళ్లకు ఆకుల మీద తెల్లని పొర కట్టి మొక్క పాడవుతుంది. చీకటి గది పనికిరాదు, మిట్టమధ్యాహ్నపు ఎండా పనికిరాదు. ఉత్తరపు గోడ వార, మామిడి చెట్టు నీడ, ఉదయపు లేత ఎండ పడే అరుగు చివర అనువైన చోట్లు.

వేసవిలో తొందరపడరాదు

ఏప్రిల్, మే నెలల్లో నాచు గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే గరగరలాడుతుంది. చచ్చిపోయిందనుకుని పీకి పారేసేది అప్పుడే. నిజానికి అది నిద్రలో ఉంటుంది. మన గోడల మీద, సిమెంటు గట్ల మీద సర్వసాధారణంగా కనిపించే హయోఫిలా అనే నాచు ఎండినప్పుడు ఆకులను లోపలికి చుట్టేసుకుంటుంది. నాలుగు చుక్కలు పడితే నిమిషాల్లో విప్పుకుని పచ్చబడుతుంది. అంటార్కిటికాలోని సిగ్నీ ద్వీపంలో 1,500 ఏళ్లకు పైగా మంచులో గడ్డకట్టి ఉన్న నాచు మళ్లీ చిగురించిందని బ్రిటిషు శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించారు.

జాలిపడి మధ్యాహ్నం ఎండలో నీళ్లు చల్లడమే నాచుకు పెద్ద గండం. పొడిగా ఉన్న నాచు ఎంతో వేడిని ఓర్చుకుంటుంది. తడిసిన నాచు అదే వేడికి ఉడికిపోతుంది. వేసవిలో తెల్లవారుజామున నీడలోని నాచుకు కొద్దిగా చిలకరించాలి. ఎండ తగిలే చోట ఉంటే తొలకరి దాకా అలాగే వదిలేయాలి.

ఇతర శత్రువులు

పురుగుల కోసం కోళ్లు నాచును కాళ్లతో కెలికి తిరగేస్తాయి. నాటిన కొత్తలో పాత వల ముక్క కప్పడం మంచిది. రాలిన ఆకులు మీద కుళ్లితే కింద నాచు నల్లబడుతుంది కనుక ఎప్పటికప్పుడు ఏరేయాలి. సబ్బు నీళ్లు, బ్లీచింగు పౌడరు, మైలుతుత్తం కలిపిన మందులు సోకితే నాచు చనిపోతుంది. మెట్ల మీద, నీళ్లు తోడేవారు నిలబడే నూతి పళ్లెంలో మాత్రం దీన్ని పెంచరాదు. వృద్ధులు జారిపడితే తుంటి ఎముక విరిగే ప్రమాదముంది.

కొండ నాచు కొండకే

అనంతగిరి, లంబసింగి వైపు విహారానికి వెళ్లినవారికి బండల మీద, చెట్ల మొదళ్ల మీద బెత్తెడు మందాన నాచు కనిపిస్తుంది. ఒక పలక లేపి సంచీలో వేసుకుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, మంచు కమ్మిన చల్లని చోటు. అక్కడి నాచు చోడవరం మైదానపు ఎండలకు తట్టుకోవడం కష్టం. తెచ్చినవారికీ దక్కదు, కొండకూ దక్కదు.

కొండకు కలిగే నష్టం చిన్నది కాదు. నాచు తన ఎండు బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దూదికి కరువు వచ్చినప్పుడు, స్ఫాగ్నం అనే నాచును బ్రిటనులో సైనికుల గాయాలకు కట్టారంటే ఆ పీల్చే గుణం చూసే. కొండ మీద నాచు వాన జోరును ఆపి, నీటిని మెల్లగా వదులుతుంది. వట్టి రాతి మీద దుమ్మును పట్టి మొదటి మట్టిని పోగు చేసేదీ అదే. ఆ మట్టిలోనే ఫెర్నులు, గడ్డి మొలుస్తాయి. చోడవరం ప్రాంతపు పొలాలకు ఆధారమైన శారదా నది పుట్టేది ఆ అనంతగిరి కొండల్లోనే. నది నీరంతా నాచు ఇచ్చేదే అనలేం గానీ, ఆ నీటిని నిలిపే అడవి పనిలో దాని వంతు ఉంది.

గీకిన నాచు తిరిగి రావడం తేలిక కాదు. అమెరికాలోని ఆరెగాన్ ప్రాంతంలో అమ్మకానికి ఒలిచిన నాచు మళ్లీ పెరగడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతున్నట్టు అక్కడ లెక్కగట్టారు. 1927 నాటి భారత అటవీ చట్టం కూడా అటవీ ఉత్పత్తులను వివరిస్తూ గడ్డి, తీగలతోపాటు నాచునూ పేరు పెట్టి చెప్పింది. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా ఏదీ తేరాదు. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ వంటి పురాతన కట్టడాల రాళ్ల మీద కూడా చాకు పెట్టరాదు. నాచుతోపాటు రాతి పొర ఊడి వస్తుంది.

జపానులోని క్యోటో నగరంలో సైహోజి అనే బౌద్ధాలయం తోటలో 120 రకాల నాచు ఉందంటారు. ముసో సోసెకి అనే భిక్షువు 1339లో ఆ తోటను తీర్చిదిద్దినప్పుడు నాచు నాటలేదు. తర్వాతి కాలంలో ఆలనాపాలనా కరువై, చెమ్మకు, నీడకు నాచు దానంతటదే పరుచుకుంది. తర్వాతివారు దాన్ని గీకేయకుండా కాపాడారు. జనం తాకిడికి నాచు నలిగిపోకుండా 1977 నుంచి ముందుగా అనుమతి తీసుకున్నవారినే లోనికి పంపుతున్నారు. 1994లో ఆ ఆలయం ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది.

కొత్తగా పెంచాలనుకునేవారు ఈ ఏడు సున్నం వేసేటప్పుడు ఉత్తరపు గోడ మూల జానెడు మేర గీకకుండా వదిలితే చాలు. వచ్చే తొలకరికి నాటుకోవడానికి కావలసినంత నాచు అక్కడే సిద్ధంగా ఉంటుంది.